పని లేనివానికి కూడ కూలియా?

(శతవత్సర మహోత్సవముల సందర్భమున చిలమత్తూరులో జరిగిన ప్రాంతీయ సదస్సునందు చేసిన ప్రసంగము)



ఈ అంశమును మాకు ఒప్పగించినవారు యువజనులు. ప్రతి మనిషికి, పని చేసినను చేయకున్నను, ధనికుడైనను దరిద్రుడైనను, ప్రభుత్వము నెలనెలా కొంత సొమ్ము ఇయ్యవలెనా, ఇయ్యకూడదా అని వారి ప్రశ్న. చదువుకొన్నవారు దీనిని సార్వత్రిక కనీస ఆదాయము అనుచున్నారు. వస్తువు కాదు, రొక్కము. ఇంటికి కాదు, మనిషికి. ఒకసారి కాదు, నెలనెలా. అన్నిటికంటె ముఖ్యముగా, నీవు అర్హుడవా అని అడుగకుండ. దాని లక్షణమింతే.

ఇక్కడికి వచ్చు దారిలో కొడికొండ చెక్‌పోస్టు దగ్గర టీ త్రాగుచు ఈ సంగతి మా సంఘ పెద్ద ఒకరితో చెప్పితిమి. ఆయన గ్లాసు క్రింద పెట్టి, "అయ్యగారూ, ఊరికే దుడ్డు ఇస్తే సేన్లో కలుపు తీసేకి ఎవరొస్తారు?" అన్నారు. ఆ ప్రశ్న తేలికయైనది కాదు. దానికి తరువాత వత్తుము. ముందుగా అర్హుడవా అను మాటను గూర్చి మాటలాడవలసియున్నది, ఏలయనగా ఆ మాటతో మాకు స్వంత లెక్క ఒకటి ఉన్నది.

2018లో మన ప్రాంతమున వానలు పోయినవి. వేరుశనగ చేలు ఎండినవి. అప్పుడు మేము సేవ చేయుచుండిన సంఘములో 64 ఇండ్లు. మన ఆడవారు వంటకు కొలిచిన బియ్యమునుండియో రాగులనుండియో పిడికెడు తీసి డబ్బాలో వేసి ఆదివారము తెచ్చెదరు గదా. ఆ పిడికెళ్లును, కోత పండుగ అర్పణలును కలిపి ఆ ఏడు 192 సేర్లు వచ్చినవి. కమిటీ కూర్చుండి మిక్కిలి బీదలని 16 ఇండ్ల పట్టీ వ్రాసినది. ఇంటికి 12 సేర్లు. ఒక విధవరాలి పేరు మొదట పట్టీలో ఉండెను. ఆమె ఆదివారములు ఆరాధనకు వచ్చుట లేదని ఒకరనిరి, ఆమె కొడుకు బెంగుళూరులో సంపాదించుచున్నాడని మరియొకరనిరి. పేరు కొట్టివేసి, క్రింద సంతకము పెట్టినవారము మేమే. ఆమె ఆదివారములు రాకపోవుటకు కారణము ఆ దినములలో బాగేపల్లి వైపు కూలికి పోవుటయే అనియు, కొడుకు ఆరు నెలలుగా పైసా పంపలేదనియు మాకు సంక్రాంతి దాటిన తరువాత తెలిసినది. ఆమె వచ్చి అడుగలేదు. పట్టీలో లేనివారు సాధారణముగా అడుగరు.

ఆ పట్టీ మూలముగా రెండు కుటుంబములు మాట్లాడుకొనుట మానినవి. ఒక ఇంటివారు వేరొక మందిరమునకు పోయిరి. మేము వేదాంత కళాశాలలో నాలుగేండ్లు చదివితిమి గాని, పదునారు పేర్లు న్యాయముగా వ్రాయుట ఎట్లో అక్కడ ఎవరును నేర్పలేదు.

ఈ పట్టీ వ్యవహారము మనతో పుట్టినది కాదు. 1876–78 సంవత్సరముల కరువును మన ముసలివారు ధాత కరువు అని చెప్పుకొనెడివారు. అప్పటికి హిందూపురము, పెనుకొండ, ధర్మవరము తాలూకాలు బళ్ళారి జిల్లాలో ఉండినవి. అనంతపురము జిల్లా ఏర్పడినది 1882లో. వైస్రాయి లిట్టన్ ప్రతినిధిగా వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, ఖర్చు తగ్గింపవలెనని, 1877 జనవరిలో కరువు పనుల కూలిని దినమునకు ఒక పౌను ధాన్యమునకును కొద్ది రొక్కమునకును దింపెను. రాళ్లు కొట్టువాని శరీరము దానితో నిలువదని మద్రాసు ఆరోగ్యాధికారి డాక్టరు కార్నిష్ వాదించెను. ఇంకొక పరీక్ష కూడ ఉండెను. పనిని ఇంటికి దూరముగా పెట్టుట. అంత దూరము నడిచి వచ్చువాడే నిజముగా ఆకలిగొన్నవాడని వారి తర్కము. నిజముగా ఆకలిగొన్నవాడు నడువలేడని ఆ కాగితములు వ్రాసినవారికి తట్టలేదు.

నేటి పరీక్షలు అంత క్రూరములు కావు. అయినను పరీక్షలే. 2019 నుండి 2024 వరకు మన రాష్ట్రములో పథకములకు ఆరంచెల పరిశీలన అను పద్ధతి ఉండెను. నెలకు 300 యూనిట్లకు మించి కరెంటు కాల్చినచో అనర్హులు, నాలుగు చక్రముల బండి ఉన్నచో అనర్హులు, మాగాణి మూడెకరములు దాటినచో అనర్హులు. ఒకే మీటరు క్రింద ముగ్గురన్నదమ్ములు కాపురముండు ఇండ్లు మన పల్లెలలో ఎన్నియో మీకు తెలియును. ఇక వేలిముద్రల సంగతి. రాళ్లు మోసి, చింతపండు కొట్టి అరిగిపోయిన వేళ్లను యంత్రము గుర్తుపట్టదు.

ఇంకొక విచిత్రము చూడుడి. రొక్కము నేరుగా ఖాతాలో వేయు పథకములు ఈ దశాబ్దములో చాల వచ్చినవి. తెలంగాణములో 2018లో రైతుబంధు ఎకరమునకు పంటకు 4,000 రూపాయలతో మొదలైనది. కేంద్రము 2019లో ఆరంభించిన పి.ఎం. కిసాన్ క్రింద రైతు కుటుంబమునకు ఏడాదికి 6,000. అదే సంవత్సరము డిసెంబరు 21న మన ధర్మవరములోనే నేతన్న నేస్తము ఆరంభమై, మగ్గమున్న కుటుంబమునకు ఏడాదికి 24,000 ఇచ్చుచు ఆ ప్రభుత్వ కాలమంతయు నడిచినది. మంచివే. కాని ఇవన్నియు దేనికి ముడిపడినవి? పట్టాకు, స్వంత మగ్గమునకు. రైతుబంధులో కౌలుదారునకు చోటు లేకపోయెను. ధర్మవరములో పరుల మగ్గముపై కూలికి పట్టుచీర నేయువానికి ఆ 24,000 లేవు. ఎకరముల లెక్కన ఇచ్చినప్పుడు ఎక్కువ భూమి గలవానికే ఎక్కువ సొమ్ము పోయినది. పట్టాలేనివాడు, మగ్గములేనివాడు, అనగా మన సంఘములలో అనేకులు, ఈ రెంటికిని బయట నిలిచియుండిరి.

మన సంఘములకు సంబంధించినది ఇంకొకటి కలదు. బహిరంగముగా చెప్పుటకు మన కాపరులు వెనుదీయుదురు గాని మేము చెప్పుచున్నాము. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము క్రైస్తవుడైన దళితుడు షెడ్యూల్డు కులస్థుడుగా లెక్కింపబడడు. మన రాష్ట్రములో అతడు బి.సి.–సి. అందుచేత కాగితములో ఒక పేరును, బాప్తిస్మపు పుస్తకములో ఒక పేరును గలవారు మన మధ్య ఉన్నారు. వారిని మేము నిందింపము. బిడ్డ చదువు కొరకు తండ్రి చేసిన పని అది. అందరికి ఇచ్చు సొమ్ము అయినచో కులపత్రము అడుగదు, బాప్తిస్మపు పుస్తకము అడుగదు. ఈ ఒక్క కారణము చేతనే ఈ ఆలోచనను మేము మొదట చదివినప్పుడు ఆ పుట రెండుసార్లు చదివితిమి.

ఇది జరిగిన చోట్లు ఉన్నవా అని యువజనులు అడిగిరి. ఉన్నవి. 2011–12లో మధ్యప్రదేశ్‌లో సేవా అను స్త్రీల సంఘము, యూనిసెఫ్ సహాయముతో, కొన్ని గ్రామములలో ప్రతి పెద్దవానికి నెలకు 200, బిడ్డకు 100 రూపాయల చొప్పున ఏ షరతు లేకుండ ఇచ్చినది; తరువాత 300, 150 చేసినది. బిడ్డల తిండి మెరుగైనదనియు, త్రాగుడు పెరిగిన జాడ లేదనియు, కూలికి పోవుట మాని తమ చేలలోనే ఎక్కువ పని చేసినవారున్నారనియు వారి నివేదిక. నమీబియా దేశములోనిది మనకు మరింత దగ్గర, ఏలయనగా దానికి ముందు నిలిచినవారు లూథరను బిషప్పు జెఫానియా కమీటా. 2008, 2009 సంవత్సరములలో ఓచివెరో అను బీద గ్రామములో అరువదేండ్లలోపు వారందరికి నెలకు 100 నమీబియా డాలర్లు ఇచ్చిరి. కొందరు రొట్టెలు కాల్చి అమ్మిరి, కొందరు ఇటుకలు చేసిరి, ఆస్పత్రి రుసుము కట్టగలిగిరి. ఆ బిషప్పు 2015లో అదే దేశములో దారిద్ర్య నిర్మూలన మంత్రి అయిరి. అయినను ఆ పథకము దేశమంతటికి వచ్చినది కాదు. స్విట్జర్లాండులో 2016లో ప్రజలనే ఓటు అడుగగా నూటికి 77 మంది వద్దనిరి. కలిగినవారి దేశము కదా, వారికి దాని అవసరము తోచియుండదు.

ఇక మా సంఘ పెద్ద ప్రశ్న. కలుపు తీయువారెవరు?

పని చేయనొల్లనివాడు భోజనము చేయకూడదని పౌలు థెస్సలొనీకయులకు వ్రాసిన మాటను ఈ చర్చలో ఎవరో ఒకరు తప్పక ఎత్తుదురు. గాంధీగారును ఆరోగ్యముగా ఉన్నవానికి పనిలేకుండ ఉచిత భోజనము పెట్టుట తన అహింసకు ఒప్పదనిరి. ఈ ఇద్దరిని త్రోసివేయుట మా వలన కాదు. కాని పౌలు చెప్పినది ఒల్లనివానిని గూర్చి, దొరకనివానిని గూర్చి కాదు. ద్రాక్షతోట ఉపమానములో సాయంకాలము ఐదు గంటలవరకు సంతవీధిలో నిలిచినవారిని యజమానుడు అడిగినప్పుడు వారిచ్చిన జవాబు తమ్మును ఎవరును కూలికి పెట్టుకొనలేదనియే. మన హిందూపురములో తెల్లవారుజామున సర్కిళ్లలో నిలిచి, పది గంటలకు టిఫిను డబ్బాతో తిరిగి ఇంటికి పోవు వారిని మీరు చూచియున్నారు. వారికి దేనారము ఇచ్చిన యజమానుని మీద ఉదయమునుండి పని చేసినవారు సణిగిరి. మా పెద్దగారి సణుగుడు అదే. అందులో న్యాయము లేకపోలేదు. ఎండలో నిలిచినది వారే గదా.

ఈ సణుగుడునకు మన దేశమిచ్చిన జవాబు ఉపాధి హామీ. 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలము బండ్లపల్లిలో, మన జిల్లాగా ఉండినచోటనే, నాటి ప్రధాని మన్మోహన్ సింగ్‌గారు ఆరంభించిరి. ఏడాదికి 100 దినముల పని, అడిగిన కుటుంబమునకెల్ల. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టము స్థానే కొత్త చట్టము చేసి దినములను 125 చేసినది, ఖర్చులో రాష్ట్రముల వాటాను పెంచినది. పని రూపమున ఇచ్చు సొమ్ములో ఒక గౌరవమున్నది, మేము కాదనము. చెరువు పూడిక తీసినవాడు ఆ చెరువును చూచి ఇది నేను తవ్వినది అనును. కాని పార పట్టలేని ముసలామెకు, నెలల బిడ్డను చంకనెత్తుకొన్న తల్లికి ఆ గౌరవముతో పని లేదు. ఆ తల్లి దినమంతయు చేయుచున్నది పని కాదా అని స్త్రీల మైత్రివారు ఇప్పుడు మావైపు చూచుచున్నారు. పనియే. దానికి కూలి వ్రాయు మస్టరు ఇంతవరకు ఎవరును తెరువలేదు.

లేవీయకాండములో మధ్యేమార్గము వంటిది ఒకటి ఉన్నది. పొలము అంచులను పూర్తిగా కోయవద్దు, రాలిన పరిగె ఏరుకొనవద్దు, అది బీదలకును పరదేశులకును విడువుము అని. అక్కడ పట్టీ లేదు. ఎవడు బీదవాడో రైతు విచారింపడు. అయితే వంగి ఏరుకొనవలెను. మన వైపు వేరుశనగ పెరికిన తరువాత మట్టిలో మిగిలిన కాయలను ఏరుకొనుట మీలో పెద్దవారందరికి తెలియును. చిన్నప్పుడు మేమును మా తల్లితో ఏరినవారమే.

వ్యతిరేకముగా చెప్పదగినవానిలో మాకు బలమైనదిగా కనబడునది సోమరితనము కాదు, లెక్క. మనిషికి నెలకు వెయ్యి రూపాయలు అనుకొందము. మన రాష్ట్రములో సుమారు ఐదు కోట్ల మందికి ఏడాదికి 60,000 కోట్లు. 2025–26 రాష్ట్ర బడ్జెటు మొత్తమే 3.22 లక్షల కోట్లు. దేశమంతటికి ఇచ్చినచో దాదాపు 17 లక్షల కోట్లు. అదే సంవత్సరపు కేంద్ర బడ్జెటులో మూడవ వంతు. అంత ఖర్చుపెట్టి ఇచ్చునది వెయ్యి. మన వృద్ధులకు, విధవరాండ్రకు 2024 జూలై నుండి నెలకు 4,000 వచ్చుచున్నవి. అందరికి ఇయ్యవలెనని వారి నాలుగు వేలను వెయ్యి చేసినచో ఎవరికి మేలు? 2016–17 నాటి కేంద్ర ఆర్థిక సర్వే ఈ విషయమునకు ఒక అధ్యాయమునే కేటాయించి, మనిషికి ఏడాదికి 7,620 రూపాయలు అని లెక్క కట్టినది. ఖర్చు చూచి, నలుగురిలో ఒకరిని తీసివేయవచ్చుననినది. ఆ ఒకరెవరో తేల్చుటకు మరల పట్టీ కావలెను గదా!

ఆ సర్వే చెప్పినదానిలో మాకు భయము పుట్టించినది ఇంకొకటి. ఉన్న పథకములను తీసి వాని స్థానే ఈ సొమ్ము పెట్టవచ్చునని. 1983లో రామారావుగారు కిలో రెండు రూపాయల బియ్యము ఇచ్చిరి; ఆయనను మన హిందూపురము 1985, 1989, 1994లో మూడుసార్లు గెలిపించినది. ఇప్పుడు ఆహార భద్రత చట్టము క్రింద మనిషికి ఐదు కిలోలు ఉచితముగానే వచ్చుచున్నవి. బియ్యమునకు బదులు రొక్కమనగా ఏమో పుదుచ్చేరి చూచినది. మన తెలుగు యానాము కూడ అందులోనిదే. అక్కడ 2015 సెప్టెంబరు నుండి ఆహార భద్రత బియ్యమునకు బదులు ఖాతాలో డబ్బు వేసిరి. బియ్యమే ఇయ్యవలెనని ఎన్నికైన ప్రభుత్వమును, డబ్బే ఇయ్యవలెనని లెఫ్టినెంటు గవర్నరును తగవు పడిరి. బజారులో ధర పెరిగినను సంచిలోని బియ్యము తరుగదు, రూపాయి తరుగును. అదియుగాక, బియ్యము సారా అంగడికి పోవుట కష్టము, రొక్కము పోవుట సులభము. మధ్యప్రదేశ్ నివేదిక ఎట్లున్నను, 1992లో దూబగుంట ఆడవారు ఏల లేచిరో మనము మరువరాదు. డబ్బు ఇచ్చినచో ఆమె చేతికే ఇయ్యవలెను. 2020లో కోవిడు కాలమున ఏప్రిలు నుండి మూడు నెలలు స్త్రీల జన్‌ధన్ ఖాతాలలో అయిదేసి వందలు వేసిరి. మా సంఘములో ఒక సహోదరి తన పేరిట వచ్చిన మొదటి సొమ్ము అదియే అని ఆ పాసు పుస్తకమును మాకు చూపినది. అయిదు వందలతో ఏమగును? ఆమె రెండు కోళ్లు కొనినది.

చిలమత్తూరులో నిలిచి భూమి సంగతి ఎత్తకుండ పోవుట తగదు. 2008 తరువాతి సంవత్సరములలో ఈ మండలములోను గోరంట్ల మండలములోను కలిపి 8,844 ఎకరములను ఒక విజ్ఞాన కేంద్రము కొరకు అప్పగించిరి. ఉద్యోగములు వచ్చుననిరి. ఆ కేంద్రము రాలేదు, ఉద్యోగములు రాలేదు, వ్యవహారము కోర్టులకెక్కినది. భూమి ఇచ్చినవారికి దక్కినది ఒకసారి చేతిలో పడిన సొమ్ము. మీలో కొందరికి అది ఏమైనదో మేము అడుగబోము. పెండ్లిండ్లు, అప్పులు, ఒక మోటారు సైకిలు. ఇంగ్లాండువాడైన థామస్ పెయిన్ 1797లోనే ఒక వాదము చేసియున్నాడు. భూమి మొదట అందరిది. దానిని స్వంతము చేసికొన్నవాడు మిగిలినవారికి బాకీపడినాడు. కాబట్టి దాని మీద వచ్చు దానిలో ప్రతివానికి వాటా ఇయ్యవలెను, దానముగా కాదు, హక్కుగా అని. అమెరికాలోని అలాస్కా రాష్ట్రములో చమురు సొమ్మును ఒక నిధిగా పెట్టి, 1982 నుండి ఏటేటా ప్రతి నివాసికి, బిడ్డలతో సహా, వాటా పంచుచున్నారు. వారిని అక్కడ ఎవరును సోమరులు అనుట లేదు. ఈ 8,844 ఎకరములకు ప్రతి కుటుంబమునకు ఏటేటా కౌలు వచ్చునట్లు ఆనాడు వ్రాసికొనియుండినచో, కంపెనీ వచ్చినను రాకున్నను, నేడు మీ మాట వేరుగా ఉండెడిది. పెనుకొండ దగ్గర ఎఱ్ఱమంచిలో 2019 నుండి కార్లు తయారగుచున్నవి. రేపు ఇంకొకటి రావచ్చును. భూమి అడుగువారు వచ్చినప్పుడు ఈ మాట జ్ఞాపకముంచుకొనుడి.

మా మట్టుకు మాకు తోచినది చెప్పెదము. మీరు ఒప్పవలెనని లేదు. బియ్యము బియ్యముగానే ఉండవలెను. ఆస్పత్రి, బడి, ఉపాధి పని తీసివేసి దాని బదులు సొమ్ము ఇచ్చెదమనినచో వద్దనవలెను. కాని వృద్ధులు, పసిబిడ్డల తల్లులు, వికలాంగులు, వీరికి మీటరు చూడక, ఎకరములు చూడక, కులము చూడక, ఉన్నవారికి లేనివారికి ఒకేవిధముగా ఇయ్యవలెను. ఉన్నవానికి ఏల అనిన, ఒక చేతితో ఇచ్చినది పన్ను రూపమున రెండవ చేతితో తీసికొనవచ్చును. దానికి పట్టీ అక్కరలేదు.

ఇది మాకు పుస్తకములో దొరకినది కాదు. ఆ 192 సేర్ల ఏడు గడచిన తరువాత మేము కమిటీని ఒప్పించి, మరుసటి ఏడు 64 ఇండ్లకును సమముగా పంచితిమి. ఆ ఏడును ఇంచుమించు అంతే వచ్చినది. ఇంటికి మూడు సేర్లు. ఉపాధ్యాయుని ఇంటివారును, కార్ల ఫ్యాక్టరీలో పని చేయు అబ్బాయి ఇంటివారును తమ మూడు సేర్లను మరుసటి ఆదివారము మరల డబ్బాలో పోసిరి. కలిగిన మరియొక ఇంటివారు పోయలేదు. కమిటీలో గుసగుసలు పుట్టినవి, మేము ఊరకుండుడి అంటిమి. ఆ విధవరాలు వచ్చి, తలవంచకుండ, అందరితోపాటు వరుసలో నిలిచి తీసికొనిపోయినది. మాకు చాల సంతోషమాయెను.

మూడవ వారము చూపు సరిగా లేని ఒక అవ్వ కఱ్ఱ పట్టుకొని మా ఇంటికి వచ్చినది. మునుపటి ఏడు ఆమెకు పండ్రెండు సేర్లు వచ్చియుండినవి. "అయ్యగారూ, అందరికీ ఒకే కొలత పోసినారు, బాగనే ఉండాది. నాకు అయిపోయినాయి" అన్నది. మా ఇంటి అమ్మగారు లోపలికి పోయి తెచ్చి పోసినది. ఆ దినము మాకు వేదాంతము ఏదియు తోచలేదు.

తరువాతి ఏడు ప్రతి ఇంటికి రెండు సేర్లు, మిగిలినది అరువదేండ్లు దాటినవారికి అని తీర్మానించితిమి. వయస్సు మీద తగవు రాదు గదా అని అనుకొంటిమి. కార్యదర్శిగారు ఆధార్ కార్డులు చూచుచు వచ్చి ఆ అవ్వ కార్డు దగ్గర ఆగినారు. దానిలో ఆమె వయస్సు 57. ఆమె మనుమరాలికే ఇద్దరు బిడ్డలు. కార్డును మడిచి ఆమె చేతిలో పెట్టి, "పోయండి" అంటిమి.